శరత్తులో వాన

ఎనిమిదవ తరగతిలో ఋతువర్ణనము చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, “సార్, శరత్తున ఆకాశము నిర్మలముగా నుండునని పుస్తకములో నున్నది. మనకు ఆ నెలలలోనే గదా వానకు బడి మూయుదురు?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. మేము నవ్వలేకపోతిమి. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందిన కర్నూలులో ఆశ్వయుజము నాటికి మబ్బులు చాలవరకు విడిపోయి పిండి ఆరబోసినట్లు వెన్నెల కాయుచుండెడిది. ఆ ఆకాశమునే మనసున నుంచుకొని చెన్నపట్టణమున ఇన్నేండ్లు పాఠము చెప్పితిమి. పిల్లలు మాత్రము గొడుగులు పట్టుకొని వచ్చి ఆ పాఠమును వినుచుండిరి.

ఆ ప్రశ్నకు సమాధానము మాకు పుస్తకములో దొరకలేదు, కొండలలో దొరికినది.

చెన్నపట్టణమునుండి తిరుమలకు కాలినడకను పోవువారు నేటికిని పెక్కుమంది కలరు. ఊత్తుకోట, నాగలాపురము, నారాయణవనము, పుత్తూరు మీదుగా పోవు దారి సుమారు 140 కిలోమీటర్లుండును. ఒక ఆశ్వయుజమున ఇద్దరు ఉపాధ్యాయులము, పెద్ద తరగతుల బాలురు ఏడుగురు, వారి తండ్రులలో ఇద్దరు కలిసి ఆ దారిని పట్టితిమి. ఎవరి మూట వారి వీపుననే. దుప్పటి, ఒక జత బట్టలు, అటుకులు, బెల్లము, నీళ్లసీసా, అంతే. నాలుగవనాడు నాగలాపురమున వేదనారాయణస్వామిని సేవించుకొని, అటవీశాఖవారి అనుమతితో కొండపక్క బాటను నడచితిమి.

తెల్లవారినది మొదలు వాన. మొదట పిల్లలకు అది వేడుక. రెండు గంటలు గడచుసరికి పాటలు ఆగిపోయినవి. దుప్పట్లు తడిసి బరువెక్కెను, చెప్పులలో ఇసుక చేరి మడమలు ఒరసికొనిపోయెను. ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకొనిన బట్టలు మాత్రమే పొడిగా నిలిచినవి. ఈ సంగతి బయలుదేరుటకు ముందే ఒక తల్లి చెప్పగా, తక్కినవారు వినలేదు.

మధ్యాహ్నమునకు వాన వెలిసెను. మా తలమీద ఎండ కూడ కాసెను. ఎదుట చీలమండల లోతున ఒక వాగు. మన బాలురు దానిని “ఓడై” అనిరి. వీధిలో వినిన మాట అదియే గదా! తేటనీరు, అడుగున గులకరాళ్లు కనబడుచుండెను. అచటనే కూర్చుండి అటుకులు తినుటలో అరగంట గడచినది. “ఎండ కాసినది, దాటుదము” అని చెప్పినది మేమే. ఒక బాలుడు తన మూటను ఆవలి గట్టునకు విసరి నీటిలో దిగెను.

అంతలో మేకలు కాయు ఒక వృద్ధుడు వెనుకనుండి కేక వేసెను. “అయివోరా, దిగొద్దని చెప్పండి! ఎర్రనీళ్లు వస్తా ఉండాయి. పైన కొండలో వాన ఇంకా నిలవలేదు.”

అప్పుడు చూచితిమి. నీటి రంగు మారియుండెను. ఎండుటాకులు, పుల్లలు, నురుగు కొట్టుకొని వచ్చుచుండెను. రాళ్లమీద గలగల యని పారు చప్పుడు పోయి, లోపలినుండి వచ్చు మొరపుగా నుండెను. బాలుని చేయిపట్టి వెనుకకు లాగితిమి. పావుగంటలో ఆ వాగు నడుము లోతు దాటెను. అతని చెప్పు ఒకటి పోయినది. అతని తండ్రి మమ్ము ఒక్కమాటయు ననలేదు. అన్నను బాగుండెడిది.

ఇచట పాఠము కొంత చెప్పవలసియున్నది. సెప్టెంబరు చివరనుండి నైఋతి గాలి వెనుదిరుగును. తరువాత బంగాళాఖాతముమీదుగా ఈశాన్యమునుండి వీచు గాలి తేమను మోసికొని వచ్చి మన తీరమును తాకును. చెన్నపట్టణమునకు సంవత్సరమున కురియు సుమారు 1,400 మిల్లీమీటర్ల వానలో సగమునకు మించినది అక్టోబరు మొదలు డిసెంబరు లోపలనే కురియును. ఆ గాలి కొండకు తగిలి పైకెక్కి చల్లబడును. కావున పల్లమున ఎండ కాయుచుండగనే శిఖరమున కుండపోతగా నుండవచ్చును. ఈ కొండలలో పెక్కుచోట్ల గట్టి రాయిమీద మన్ను పలుచన. నీరు ఇంకదు, జారును. వాగును చూచి మనము తెలిసికొనునది మన నెత్తిమీది వాన గాదు, పైన కొంతసేపటి క్రిందట కురిసిన వాన. 2021 నవంబరున కురిసిన వానలకు తిరుమల శ్రీవారిమెట్టు దారి మిక్కిలి దెబ్బతినగా, 2022 మే నెలలో గాని దానిని తిరిగి తెరువలేదు.

ఆ రాత్రి ఒక పాత మండపమున తలదాచుకొంటిమి. ఆ వృద్ధుడు మాతో తెలుగున, ఫోనులో తన భార్యతో అరవమున మాటలాడుచు మాకొరకు పొయ్యి రాజేసెను. మేము బాలురకు ఏనుగుల వీరాస్వామయ్యగారి కథ చెప్పితిమి. మన పట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి, వానకాలము దారిలోనే గడిపి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. ఏ మజిలీలో నీరు మంచిది, ఎచట అంగళ్లు కలవు, దారి ఎట్టిది అని వ్రాసిపెట్టెను. ఆ ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో ఇచటనే అచ్చయినది. చెప్పు పోయిన బాలుడు, “ఆయన మూట ఎవరు మోసిరి సార్?” అని యడిగెను. ఆయన పల్లకిలో పోయెను, వెంట నూరుమంది వరకు నుండిరి, బోయీలు మోసిరి అని చెప్పితిమి. “వాగు దాటునప్పుడు కూడనా?” అనెను. అవునంటిమి. అతడు తన ఒరసిపోయిన భుజమును తడవుకొనుచు చాలసేపు మాటలాడలేదు.

ఇక తరగతిలోని ప్రశ్న. పుస్తకములోని వర్ణనము అబద్ధము కాదు, అది వేరొకచోటి ఆకాశము. పద్యమునకు అర్థము వ్రాయుమన్నచో పద్యములో నున్నదే వ్రాయవలెను. స్వంతముగా శరత్తును వర్ణింపుమన్నచో మీ కిటికీలోనుండి చూచినదే వ్రాయవలెను. అట్లు వ్రాసినవారికి మా చేతిలో మార్కులు తగ్గవు. తల్లిదండ్రులు ఈ విషయమున మమ్ము నమ్మవచ్చును.

మరునాటి యుదయమునకు వాగు మరల తేటపడి చీలమండలకు దిగెను. వృద్ధుడు కఱ్ఱతో లోతు చూచుచు ముందు నడచెను. బాలుని మూట ఆవలి గట్టున తంగేడు పొదలో చిక్కుకొనియుండెను. బట్టలు పొడిగానే యున్నవి. బెల్లమునకు మాత్రము చీమలు పట్టినవి.