కారులో గాలిసంచి

పెళ్లికి పోవాలన్నా, పురిటికి ఆసుపత్రికి పోవాలన్నా ఇప్పుడు పల్లెల్లో కూడా కారు మాట్లాడుకుంటున్నారు. కారు రాగానే ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు?

"చంటిపిల్ల తల్లివి. నువ్వు ముందు కూర్చో అమ్మా! అక్కడ ఇరుకుండదు" అంటారు.

తల్లి పిల్లను ఒళ్లో పెట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుంటుంది. వాళ్లు ప్రేమతోనే ఆ మాట అన్నారు. కానీ చంటిపిల్లకు కారులో ప్రమాదమైన చోటు అదే. ఎందుకంటే, ఆ సీటు ఎదురుగా ఒక గాలిసంచి దాగి ఉంటుంది. దాన్నే ఎయిర్ బ్యాగ్ అంటారు. పెద్దవాళ్ల ప్రాణం కాపాడేది అదే. పిల్లల ప్రాణం తీయగలిగేదీ అదే.

కారు ఆగుతుంది, మనిషి ఆగడు

బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు గబుక్కున బ్రేకు వేస్తే ఏమవుతుంది? అందరూ ముందుకు తూలుతారు. బస్సు ఆగింది. కానీ మనుషుల ఒంట్లో ఉన్న వేగం ఆగలేదు.

కారు దేన్నయినా గుద్దుకున్నప్పుడూ అంతే. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గోడను గుద్దిందనుకోండి. బెల్టు లేని మనిషి అదే వేగంతో పోయి ముందున్న అద్దానికో, స్టీరింగుకో కొట్టుకుంటాడు. ఆ దెబ్బ మూడంతస్తుల మేడ మీద నుంచి నేల మీద పడ్డట్టు ఉంటుంది.

"పిల్లను నేను గట్టిగా పట్టుకుంటాను కదా" అని తల్లి అనుకోవచ్చు. అప్పుడు 10 కిలోల పిల్ల క్వింటాలున్నర బరువుతో ముందుకు లాగుతుంది. అంటే రెండు వడ్ల బస్తాలు! ఏ తల్లి చేతులూ ఆ బరువును ఆపలేవు.

తండ్రికి వచ్చిన ఆలోచన

అమెరికాలో జాన్ హెట్రిక్ అనే ఆయన ఉండేవాడు. 1952లో ఒక ఆదివారం ఆయన భార్యతో, ఏడేళ్ల కూతురితో కారులో పోతున్నాడు. దారిలో పెద్ద రాయి అడ్డం వచ్చింది. ఆయన బ్రేకు వేసి, కారును పక్కకు తిప్పాడు. కారు గోతిలోకి దిగింది. ఆ క్షణంలో భార్యాభర్తలిద్దరూ చేతులు అడ్డం పెట్టారు. పాప తల ముందు కొట్టుకోకూడదని వాళ్ల ఆరాటం. అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

ఇంటికి వెళ్లాక ఆయన ఆలోచనలో పడ్డాడు. చేతులకు బదులు, మెత్తనిది ఏదైనా అడ్డం వస్తే? ఆ రాత్రే బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. 1953లో ఆయన గాలిసంచికి పేటెంటు వచ్చింది. ఆ తర్వాత చాలామంది దాన్ని బాగుచేశారు. 1970లలో గాలిసంచి ఉన్న కార్లు అమ్మకానికి వచ్చాయి.

సంచి ఎలా పనిచేస్తుంది?

సంచిని నైలాను గుడ్డతో కుడతారు. మడిచి, స్టీరింగు మధ్యలో ఒకటి, పక్క సీటు ఎదురుగా ఒకటి దాచిపెడతారు. కొన్ని కార్లలో పక్కలకు కూడా ఉంటాయి.

కారులో దెబ్బను పసిగట్టే పరికరం ఉంటుంది. బ్రేకు వేస్తే అది కదలదు. గుంతలో పడ్డా మామూలుగా కదలదు. కారు ముందువైపు గట్టిగా గుద్దుకుంటేనే కరెంటు పంపుతుంది. ఆ కరెంటుకు సంచి వెనక ఉన్న మందు అంటుకుంటుంది. మందు నుంచి ఒక్కసారిగా బోలెడు వాయువు పుడుతుంది. సంచి ముందున్న మూతను చీల్చుకుని, ఉబ్బి బయటికి వస్తుంది.

ఇదంతా జరగడానికి పట్టే కాలం సెకనులో ఇరవయ్యో వంతు. కన్నురెప్ప వేసేలోపే అయిపోతుంది.

ఉబ్బిన సంచి మీద మనిషి తల, రొమ్ము ఆనుకుంటాయి. సంచి వెనక చిన్న రంధ్రాలు ఉంటాయి. మనిషి బరువు పడగానే వాటిలోంచి వాయువు పోతుంది. పొంగిన పూరీని వేలితో నొక్కితే అణిగినట్టు సంచి అణిగిపోతుంది. బండ మీద పడితే ఎముక విరుగుతుంది. గడ్డివాము మీద పడితే విరగదు. గడ్డి మెల్లగా అణుగుతూ మనిషిని ఆపుతుంది. సంచి చేసే పనీ అదే.

సంచి విచ్చుకున్నాక కారులో తెల్లని పొడి లేస్తుంది. అది చూసి కారు అంటుకుందని భయపడకూడదు. నిదానంగా బయటికి రావాలి. ఒకసారి విచ్చుకున్న సంచి మళ్లీ పనికిరాదు. కొత్తది వేయించాలి.

బెల్టు లేకపోతే?

సంచి గంటకు 200 కిలోమీటర్లకు మించిన వేగంతో దూసుకొస్తుంది. పూర్తిగా ఉబ్బాక తగిలితే అది దిండు. ఉబ్బుతుండగా తగిలితే అది గుద్దు.

బెల్టు పెట్టుకోని మనిషి, బ్రేకు వేయగానే ముందుకు జారుతుంది. సంచి దూసుకొచ్చే సమయానికి దాని మీదే ఉంటుంది. బెల్టు ఆమెను వెనక్కి పట్టి ఉంచుతుంది. అందుకే బెల్టూ, సంచీ జోడెద్దుల్లాంటివి. ఒకటి లేకుండా రెండోది సరిగా పనిచేయదు.

అమెరికాలో 2017 వరకు ముందు సీట్ల గాలిసంచులు 50 వేలమందికి పైగా ప్రాణాలు కాపాడాయని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క కట్టింది. అదే దేశంలో 1990 నుంచి 2008 వరకు సంచి దెబ్బకే 290 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బెల్టు పెట్టుకోనివాళ్లు, సరిగా పెట్టుకోనివాళ్లు. వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు.

ఒళ్లో ఉన్న పిల్ల తల సంచికి ఎదురుగా, దగ్గరగా ఉంటుంది. వెనక తల్లి బరువు, ముందు సంచి దెబ్బ. మధ్యలో పిల్ల నలిగిపోతుంది.

ఏం చేయాలి?

• పన్నెండేళ్ల లోపు పిల్లలను వెనక సీటులోనే కూర్చోబెట్టాలి.

• చిన్నపిల్లలకు పిల్లల కుర్చీ దొరుకుతుంది. దాన్ని వెనక సీటుకు బిగించి కూర్చోబెట్టడం మంచిది. వెనక్కి తిరిగి ఉండే చంటిపిల్లల కుర్చీని సంచి ఉన్న ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు.

• తల్లికీ, పిల్లకూ కలిపి ఒకే బెల్టు చుట్టకూడదు. తల్లి బరువంతా పిల్ల మీద పడుతుంది.

• ముందు కూర్చున్నవాళ్లు సీటును వెనక్కి జరుపుకోవాలి. సంచికీ రొమ్ముకూ మధ్య జానెడుకు మించి ఎడం ఉండాలి. కాళ్లు ఎత్తి ముందు పెట్టకూడదు.

• సంచి మూత మీద దేవుడి బొమ్మలు, సీసాలు అంటించకూడదు. సంచి విచ్చుకుంటే అవి రాళ్లలా వచ్చి తగులుతాయి.

• గర్భిణీ స్త్రీ కూడా బెల్టు పెట్టుకోవాలి. కింది పట్టీ పొట్ట కింద, తుంటి ఎముకల మీద ఉండాలి. పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి, పొట్ట పక్కగా పోవాలి.

మన దేశంలో 2019 జులై నుంచి కొత్త కార్లలో డ్రైవరుకు గాలిసంచి తప్పనిసరి. పక్క సీటుకు 2021లో తప్పనిసరి చేశారు. అంతకు ముందువాటిలో ఉండకపోవచ్చు. కానీ బెల్టు ఉంటుంది. చట్టం ప్రకారం వెనక కూర్చున్నవాళ్లు కూడా బెల్టు పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

చాలా అద్దె కార్లలో వెనక బెల్టులు సీటు కిందికి పోయి ఉంటాయి. అడగడానికి సిగ్గుపడకూడదు.

"అన్నా, పిల్లతో నేను వెనకే కూర్చుంటాను. వెనక బెల్టులు పైకి తీసిపెట్టు. ఆ తర్వాతే బండి కదుపు."

కారు మాట్లాడుకున్న ప్రతి మనిషికీ ఈ మాట అనే హక్కు ఉంది.

కొత్త మాటలు

పేటెంటు – ఫలానా వస్తువును ఫలానావారు కనిపెట్టారని ప్రభుత్వం ఇచ్చే హక్కు
పసిగట్టడం – ముందుగా తెలుసుకోవడం
జరిమానా – తప్పుకు కట్టే డబ్బు

ఆలోచించండి – చెప్పండి

1. బస్సు ఆగినప్పుడు మనుషులు ముందుకు ఎందుకు తూలుతారు?
2. బెల్టు లేకపోతే గాలిసంచి ఎందుకు ప్రమాదం?
3. "చంటిపిల్లతో ముందు కూర్చో" అని అత్తగారు అంటే, ఆమె నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? మీ గుంపులో మాట్లాడండి.
4. డ్రైవరుతో చెప్పాల్సిన మాటను మీ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయండి.