నావ వెనుక చిన్న నావ

మంజీరా తీరమున చదువుకొను మన విద్యార్థులకు సముద్రము దూరము. అయినను పడవను గూర్చిన పాఠము మనకు కొత్తది కాదు. వేసవిలో లారీ ట్యూబును గాలితో నింపి చెరువులో దానిపై తేలిన బాలుడు గాలిపడవ మర్మమును కొంత యెరిగినవాడే. కృష్ణా తుంగభద్రల రేవులలో జాలరి తన పుట్టిని నీటినుండి తీసి తలపై బోర్లించుకొని పోవుట చూచినవారికి మరియొక సంగతి తెలియును. చిన్న పడవ మనలను మోయును, మనచేత మోయబడును.

సముద్రముపై విహరించు పెద్ద నావలకు లోతైన నీరు కావలెను. కావున నవి యొడ్డునకు దూరముగా లంగరు వేసి నిలుచును. ఒడ్డు చేరుటకును మంచినీరు తెచ్చుకొనుటకును వాటికి డింగీ యను చిన్న పడవ అవసరము. 1840 దశకమున ఆంగ్ల నౌకాదళాధికారి పీటర్ హాల్కెట్, తొడుగుకొనినపుడు అంగీగాను, గాలి నింపినపుడు పడవగాను ఉపయోగపడు వస్తువును కల్పించెను. నేటి గాలిపడవలను పి.వి.సి. గుడ్డతోను, కృత్రిమ రబ్బరు పూసిన గుడ్డతోను చేయుదురు. వాటి గొట్టములు కొన్ని అరలుగా విభజింపబడి యుండును. ఒక అరకు చిల్లుపడినను తక్కినవి పడవను తేల్చును.

దీనిని వెంట గొనిపోవు విధములు మూడు. మోకుతో కట్టి వెనుక లాగుకొనిపోవుట మొదటిది. గాలి తీసి చుట్టి నావపై నుంచుట రెండవది. నావ వెనుక భాగమున వ్రేలాడగట్టుట మూడవది. ఈ మూడవ పద్ధతిలో నావ వెనుక డేవిట్లను రెండు లోహపు చేతులు వెలుపలికి చాచియుండును. కప్పీల సాయముతో పడవను వాటికి ఎత్తుదురు. ముందుగా మోటారును విప్పి నావపై వేరుగా బిగింపవలెను. ఎత్తిన పిమ్మట పడవ అడుగునందలి బిరడాను తీయవలెను. లేనియెడల 200 లీటర్ల వాననీరు నిలిచినచో 200 కిలోగ్రాముల బరువు ఆ చేతులపై పడును. తరువాత పడవ ఊగకుండ అడ్డముగను ఏటవాలుగను త్రాళ్లతో బిగింపవలెను. ఊగుచున్న పడవ త్రాటిని కోసికొనును, తానును ఒరిసికొని చిరుగును. దానిని నీటికి దింపునపుడు బిరడాను మరల పెట్టుట మరువరాదు.

మిట్టమధ్యాహ్నమున గాలి వేడెక్కి గొట్టములలో ఒత్తిడి పెరుగును గనుక కొంచెము గాలి వదలవలెను. చల్లని నీటిలో దింపినపుడు అది మెత్తబడును గనుక మరల నింపవలెను. ఇది మన భౌతికశాస్త్ర పాఠమే. నావ కొనయందలి బరువు ముందు భాగమును పైకి లేపుననుటయు తూగుడుబల్ల నెరిగినవారికి విదితమే. గాలివాన సూచనలున్నచో పడవను నావపైకి చేర్చి బంధించుట మేలు. వెనుకనుండి వచ్చు పెద్ద అల వ్రేలాడు పడవను నింపి విరుగగొట్టగలదు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమున ఈ సంగతికి గొప్ప దృష్టాంతము కలదు. పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉండిరి. తుఫాను పట్టిన పిమ్మట ఒక చిన్న ద్వీపము చాటున ఓడ పడవను బహు కష్టముతో స్వాధీనము చేసికొని పైకెత్తిరి. అనంతరము ఓడవారు లంగరులు వేయు నెపమున ఆ పడవను దింపి తాము మాత్రమే తప్పించుకొనజూచిరి. పౌలు హెచ్చరింపగా సైనికులు త్రాళ్లు కోసి పడవను పోనిచ్చిరి. ఈతచేతను పలకలచేతను అందరును ఒడ్డు చేరిరి. పడవను వేళకు ముందే భద్రపరుపవలెననుటయు, అది కొందరి పలాయనమునకు కాదనుటయు ఇందలి రెండు పాఠములు.

మన గోదావరియందు 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద విహారనౌక మునిగినపుడు ఒడ్డుననున్న గ్రామస్థులు తమ పడవలపై పరుగున వచ్చి పలువురిని రక్షించిరి. నావ బోల్తాపడు క్షణమున కట్టిన పడవను విప్పుటకు వ్యవధి చాలదు. కావున డింగీ యున్నదని ధైర్యపడి ప్రాణరక్షక కవచమును విడుచుట అవివేకము. సింగూరు జలాశయమున పడవ యెక్కినను ఈ నియమమే వర్తించును.

విద్యార్థులారా, చిన్న పడవను కట్టువాడు రెండు సంగతులు తలపవలెను. అల వచ్చినను ముడి సడలరాదు. ఆపద వచ్చినపుడు అదే ముడి వెంటనే విడవలెను. మనము నేర్చిన విద్యయు అట్లే దృఢముగా నిలిచి, పొరుగువాని యక్కరకు తడవు చేయక అందవలెను.