పాలంపేట నుంచి గణపురం దాకా

కాలినడక మానవుని తొలి ప్రయాణసాధనం. రైళ్లు, మోటారు వాహనాలు రాకముందు తీర్థయాత్రకైనా, తిరునాళ్లకైనా, సంతకైనా, పెళ్లికైనా జనులు నడిచే వెళ్లేవారు. సంపన్నులు పల్లకి ఎక్కేవారన్నది నిజమే గాని, ఆ పల్లకిని మోసినవారిదీ కాలినడకే. ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరాలలో చెన్నపట్నం నుంచి కాశికి వెళ్లివచ్చి రచించిన ‘కాశీయాత్ర చరిత్ర’ నేటికీ చరిత్రకారులకు ఆకరగ్రంథంగా ఉపకరిస్తున్నది. మజిలీ మజిలీకి ఆగుతూ, దారిలోని ఊళ్లను, బాటలను, నీటివసతిని గమనిస్తూ సాగిన నెమ్మది ప్రయాణమే దానికి ఆ విలువను సమకూర్చింది.

తెలుగు సాహిత్యంలో నడకే ఇతివృత్తమైన కృతి మరొకటి ఉన్నది. అది వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధి పొందిన ‘క్రీడాభిరామం’. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరు కాకతీయుల రాజధాని ఓరుగల్లు వీధులలో తిరుగుతూ, కనిపించినదానినల్లా చూస్తూ, చూసినదాని గురించి మాట్లాడుకోవడమే అందులోని కథ. వారు రథమెక్కి తిరిగి ఉంటే ఆ కృతి పది పద్యాలతో ముగిసిపోయేది.

ఆ ఓరుగల్లుకు ఈశాన్యంగా, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో పాలంపేట అనే చిన్న గ్రామం ఉన్నది. అక్కడి రుద్రేశ్వరాలయమే లోకం రామప్ప గుడి అని పిలుచుకొనే కట్టడం. పాలంపేటకు తొమ్మిది పది కిలోమీటర్ల దూరంలో గణపురం ఉన్నది. అక్కడ కోటగుళ్లు అనే ఆలయ సముదాయం వెలసి ఉన్నది. రెండు ఊళ్లకూ కాకతీయుల కాలపు చెరువులు ఉన్నాయి. 2019లో ములుగు జిల్లా ఏర్పడిన తరువాత పాలంపేట ఆ జిల్లాలోను, గణపురం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోను చేరాయి. ఈ జిల్లాల సరిహద్దు నేటిది. చెరువులు, గుళ్లు ఎనిమిది వందల ఏండ్ల నాటివి. ఎత్తైన కొండలు ఎక్కవలసిన పని లేకుండా, సామాన్యమైన ఓపిక గలవారు సైతం ఒక పూటలో నడవగలిగిన దూరమిది.

సాధారణంగా యాత్రికులు ఈ విధంగా నడవరు. వాహనంలో పాలంపేట చేరి, గుడి చుట్టూ ప్రదక్షిణం చేసి, నంది ముందు ఛాయాచిత్రం తీయించుకొని, అరగంటలో తిరుగుముఖం పడతారు. 2021లో యునెస్కో సంస్థ ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన పిమ్మట సందర్శకుల రాక పెరిగింది. గుడిని చూసి చెరువును చూడకుండా వెళ్లడం ఒక గ్రంథంలో ముఖచిత్రాన్ని చూసి పుటలు తిప్పకుండా మూసివేయడం వంటిది. ఏలయనగా, గుడిని నిర్మించినవాడే చెరువునూ నిర్మించాడు. ఒకదాని మనుగడకు రెండవది ఆధారంగా ఉండేది.

గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ ఆలయాన్ని కట్టించినట్లు అక్కడి శాసనం తెలియజేస్తున్నది. ఆలయం ఆరడుగుల ఎత్తు గల నక్షత్రాకారపు వేదికపై నిలిచి ఉన్నది. గోడలకు ఎర్రని ఇసుకరాయిని, స్తంభాలకు, శిల్పాలకు నల్లని రాతిని వాడారు. ఆ నల్లరాయి ఎంత నునుపుగా తేరినదంటే ఎనిమిది వందల వర్షాకాలాలు గడిచినా దాని నిగారింపు చెడలేదు. శిఖరానికి నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలను ఉపయోగించడం శిల్పుల దూరదృష్టికి నిదర్శనం. పై బరువు తగ్గితే కింది స్తంభాలపై ఒత్తిడి తగ్గుతుంది. ఇసుక నింపిన పునాది భూమి కదలికలను కొంతవరకు తనలో ఇముడ్చుకొంటుంది.

చూరు కింద వాలుగా అమర్చిన పన్నెండు స్త్రీమూర్తులను మదనికలు అంటారు. వీటిలో ఒకామె ఎత్తు మడమల పాదరక్షలు ధరించి నిలబడి ఉండడం సందర్శకులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆ పాదరక్షలతో ఆమె గణపురం దాకా నడిచి ఉండదన్నది మాత్రం నిశ్చయం. ఆలయ స్తంభాలపైని నర్తకుల, మార్దంగికుల భంగిమలకు సాహిత్యపరమైన సాక్ష్యం కూడా ఉన్నది. గణపతిదేవుని గజసాహిణి, ఆయనకు బావమరది అయిన జాయపసేనాని సంస్కృతంలో ‘నృత్తరత్నావళి’ రచించాడు. ఆ గ్రంథాన్ని, ఈ శిల్పాలను ఆధారం చేసుకొని ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యానికి పునరుజ్జీవనం కల్పించారు.

గుడి నుంచి సుమారు ఒక కిలోమీటరు నడిస్తే రామప్ప చెరువు కట్ట వస్తుంది. ఈ నడకలో అత్యంత విలువైన భాగం ఇదే అని చెప్పవచ్చు. కట్టపైకి ఎక్కగానే ఒకవైపు గుట్టల నడుమ పరచుకొన్న జలరాశి, మరొకవైపు పల్లంలో పచ్చని వరిపొలాలు ఒకేసారి కనిపిస్తాయి. కాకతీయుల కాలపు నీటిపారుదల విజ్ఞానం ఎటువంటిదో ఆ దృశ్యమే విశదపరుస్తుంది. చుట్టూ గోడ కట్టి నీటిని ఆపలేదు. ప్రకృతి సిద్ధంగా ఉన్న గుట్టలనే గోడలుగా ఎంచుకొని, వాటి మధ్య ఖాళీని మాత్రమే మట్టికట్టతో పూడ్చారు. తక్కువ శ్రమతో ఎక్కువ నీరు నిలిచే చోటును గుర్తించాలంటే ఆ నేలను ఎన్నిమార్లు కాలినడకన కలయదిరిగి ఉండాలో ఊహించుకోవచ్చు.

చెరువులో మూడు అంగాలు ముఖ్యమైనవి. కట్ట నీటిని నిలుపుతుంది. తూము ఆ నీటిని పొలాలకు వదులుతుంది. వరద వచ్చి చెరువు నిండినపుడు అదనపు నీరు కట్టను తెంచకుండా పక్కనుంచి పొర్లిపోయే మార్గమే మత్తడి. కోస్తా ప్రాంతాలలో దీనిని కలుజు అనీ, అలుగు అనీ అంటారు. చెరువు కింద సాగయ్యే భూమి ఆయకట్టు. తూము తెరిచి, ఏ మడికి ఎంత నీరు పారాలో చూసే వ్యక్తి నీరడి. చెరువును తవ్వించినవారికి, కాపాడేవారికి దాని కింది ఫలంలో పదో వంతు ఇచ్చే ఏర్పాటును దశబంధం అన్నారు. కట్ట తెగితే ఒక్క సంవత్సరపు పంట పోవడంతో ఆగదు, ఊరే చెదిరిపోతుంది. అందుకే కట్టమైసమ్మను ప్రతిష్ఠించి కొలవడం తెలంగాణ పల్లెలలో ఆచారమైంది. బతుకమ్మలను సాగనంపేదీ ఆ చెరువుల వద్దనే.

ఆలయ నిర్వహణకు దాతలు గ్రామాలను సమర్పించినట్లు ఆ కాలపు శాసనాలు చెబుతాయి. అయితే నీరు లేని గ్రామం వలన దేవునికి ఏ ఆదాయం సమకూరుతుంది? చెరువు నిండితే పొలం పండుతుంది, పొలం పండితే గుడిలో దీపం వెలుగుతుంది. తటాకం, దేవాలయం, వనం, అగ్రహారం, నిధి, కృతి, సుతుడు అని మన పెద్దలు చెప్పిన సప్తసంతానాలలో తటాకానికి, దేవాలయానికి చోటు దక్కడంలోని ఔచిత్యం కట్టమీద నిలబడినవారికి సులభంగా బోధపడుతుంది. గుడికి, చెరువుకు మధ్యనున్న ఆ కిలోమీటరు దూరాన్ని వాహనంలో దాటినవారికి అవి రెండు వేర్వేరు ‘దర్శనీయ స్థలాలు’గానే తోస్తాయి.

కట్ట పరిసరాలలోను, పొలాల నడుమను అదే కాలానికి చెందిన చిన్న ఆలయాలు శిథిలావస్థలో కానవస్తాయి. కొన్నింటికి కప్పు లేదు, కొన్నింటి గర్భగుడిలో దేవుడు లేడు. వేళ్లు పాకి రాళ్లను విడదీస్తున్నాయి. గుప్తనిధుల ఆశతో దుండగులు ఇటువంటి ఒంటరి గుళ్లలో తవ్వకాలు జరపడం తెలుగునాట తరచుగా వినవచ్చే దురాగతం. నలుగురు నడిచే దారిలోని గుడికి ఆ భయం కొంత తక్కువ. మనుష్య సంచారమే దానికి కావలి.

పాలంపేట నుంచి గణపురానికి ఇప్పుడు వాహనాలు తిరిగే రోడ్డు ఉన్నది. నడిచేవారికి కార్తీకం నుంచి మాఘం వరకు అనువైన కాలం. అప్పటికి వానలు వెనుకబడతాయి, ఎండలు ముదరవు, చెరువులలో నీరు ఉంటుంది. తెల్లవారగానే బయలుదేరితే మధ్యలో చెట్టునీడన ఆగుతూ వెళ్లినా మధ్యాహ్నానికి ముందే గణపురం చేరవచ్చు. తాగునీరు వెంట ఉండాలి. పొలంగట్లపై నడిచేటపుడు పైరు తొక్కరాదన్నది రైతు పట్ల చూపవలసిన కనీస మర్యాద.

గణపతిదేవుని పేర వెలసిన ఊరు గణపురం. అక్కడి కోటగుళ్లను చేరినవారి మనస్సు ఒక్కసారిగా బరువెక్కుతుంది. మట్టికోట గోడల ఆవరణలో ఇరవై రెండు ఆలయాల సముదాయం ఉన్నది. వీటి నడుమ గణపేశ్వరాలయం ప్రధానమైనది. పాలంపేటలోని మదనికలకు తోబుట్టువులనదగిన స్త్రీమూర్తులు ఇక్కడా ఉన్నాయి. ఏనుగుపై సవారి చేస్తున్న నరసింహాకృతుల శిల్పాలు మరింత విశిష్టమైనవి. కాని అనేక ఉపాలయాలు కూలిపోయి, రాళ్లు చెల్లాచెదరయ్యాయి. ఒకే రాజు ఏలుబడిలో, ఒకే శిల్పసంప్రదాయంలో పుట్టిన రెండు కట్టడాలలో ఒకటి ప్రపంచఖ్యాతి పొందింది. రెండవదాని పేరు పక్క జిల్లాలవారికే అంతగా తెలియదు. గులాం యజ్దానీ పాలంపేట ఆలయాలపై 1922లోనే గ్రంథం ప్రకటించి లోకం దృష్టిని అటు మళ్లించారు. గణపురానికి అటువంటి అదృష్టం ఆ స్థాయిలో దక్కలేదు. శిల్పకళ దృష్ట్యా పాలంపేటదే పైచేయి అన్నది కాదనలేని మాట. అయితే కూలిన కట్టడం ద్వారా తెలిసే విషయాలు చెక్కుచెదరని కట్టడం ద్వారా తెలియవు. రాతిపై రాయిని ఎలా కూర్చారో, దూలాన్ని స్తంభంపై ఎలా నిలిపారో గణపురంలో విడిపోయిన కీళ్ల వద్ద స్పష్టంగా చూడవచ్చు.

1323లో కాకతీయ సామ్రాజ్యం అస్తమించింది. ఆ తరువాత ఈ ప్రాంతాన్ని ఎన్నో వంశాలు ఏలాయి. గుళ్లలో పూజలు ఆగిన రోజులు ఉన్నాయి గాని చెరువుల కింద సేద్యం కొనసాగుతూనే వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో బోరుబావులు పెరిగిన కొద్దీ అనేక గొలుసుకట్టు చెరువులు పూడికతో నిండి, ఆక్రమణలకు గురై చిక్కిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో చెరువుల పునరుద్ధరణకై చేపట్టిన కార్యక్రమానికి ‘మిషన్ కాకతీయ’ అని పేరు పెట్టడం ఆ వారసత్వాన్ని స్మరించడమే. పూడికమట్టిని రైతులు ఎరువుగా తమ పొలాలకు తరలించుకొన్నారు.

గణపురంలోనూ గుడి చూసి ఆగకుండా చెరువు దాకా వెళ్లడం ఉచితం. పొద్దు వాలే వేళ మేత నుంచి మరలిన పశువులు చెరువులో నీరు తాగడానికి దిగుతాయి. కట్ట కింది మడులకు ఈ నాటికీ ఆ నీరే పారుతున్నది.