రైలు ఒక్కటే – తరగతులు వేరు

ప్రవేశిక

రైలు టిక్కెట్టు కొనేటప్పుడు ఏ తరగతిని ఎంచుకోవాలనే ప్రశ్న ప్రతి ప్రయాణికుడికీ ఎదురవుతుంది. ఆ ఎంపికలో డబ్బు, అవసరం, తోటివారి పట్ల గౌరవం ఎలా ముడిపడి ఉన్నాయో ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

మంచిర్యాల స్టేషన్‌లో సికింద్రాబాద్ వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఆగగానే ప్రయాణికులు మూడు దారులుగా విడిపోతారు. కొందరు ఏ.సి. పెట్టెల వైపు నింపాదిగా నడుస్తారు. కొందరు టిక్కెట్టు చూసుకుంటూ తమ స్లీపర్ పెట్టెను వెదుకుతారు. మరెందరో మూటలు, సంచులు పట్టుకొని జనరల్ పెట్టెల వైపు పరుగులు తీస్తారు. అయినా ఇంజను అందరినీ ఒకే వేగంతో లాగుతుంది. అందరూ ఒకే సమయానికి కాజీపేట చేరుతారు. మరి ఎక్కువ డబ్బు చెల్లించినవారు అదనంగా కొనుక్కొన్నది ఏమిటి?

ముఖ్యంగా వారు కొనుక్కొన్నది స్థలం. నేటి ఎల్.హెచ్.బి. పెట్టెలన్నీ దాదాపు ఒకే పొడవు గలవి. అంతే స్థలంలో ప్రథమ శ్రేణి ఏ.సి. పెట్టెలో 24 మంది పడుకుంటే, రెండంతస్తుల ఏ.సి.లో 50 మందికి పైగా, మూడంతస్తుల ఏ.సి.లో 72 మంది, స్లీపర్‌లో 80 మంది పడుకుంటారు. జనరల్ పెట్టెలో ఇంతమందే ఎక్కాలన్న హద్దు ఆచరణలో కనిపించదు. బతుకమ్మ, దసరా రోజులలో అక్కడ నిలబడడానికే చోటు దొరకదు. చల్లదనం, దుప్పటి, నిశ్శబ్దం వంటివన్నీ ఈ స్థలానికి తోడయ్యే సౌకర్యాలు.

ఈ సూత్రం ఇతర దేశాలకూ వర్తిస్తుంది. ఫ్రాన్సు దేశంలో 1956లో మూడవ తరగతిని రద్దు చేశారు. నేడు అక్కడ ఉన్నవి ప్రధానంగా రెండే తరగతులు. 1981లో ప్రారంభమైన టి.జి.వి. అనే అతివేగ రైళ్లలో సాధారణంగా ప్రథమ శ్రేణిలో వరుసకు మూడు సీట్లు, ద్వితీయ శ్రేణిలో నాలుగు సీట్లు ఉంటాయి. ముందుగా టిక్కెట్టు కొంటే ఒక్కొక్కసారి రెండు శ్రేణుల ధరల మధ్య వ్యత్యాసం స్వల్పంగానే ఉంటుంది. అందుకే వివేకం గల ప్రయాణికుడు రెండు ధరలనూ పోల్చి చూసిన తరువాతనే నిర్ణయించుకుంటాడు.

మనం కూడా అవసరాన్ని బట్టే తరగతిని ఎంచుకోవాలి. మంచిర్యాల నుంచి సికింద్రాబాద్‌కు పగటిపూట నాలుగైదు గంటల ప్రయాణం. ఆరోగ్యవంతుడైన విద్యార్థికి కూర్చునే సీటు చాలు. మిగిలిన డబ్బుతో పుస్తకాలు కొనుక్కోవచ్చు. ఆదిలాబాద్ నుంచి రైలులో వచ్చేవారు మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ మీదుగా చుట్టు తిరిగి రావాలి. అటువంటి రాత్రి ప్రయాణంలో, మరునాడు పరీక్ష వ్రాయవలసిన వారికి స్లీపర్ బెర్తు విలాసం కాదు, అవసరం. శస్త్రచికిత్స జరిగిన తల్లిని తీసుకువచ్చే కుమారుడు అప్పుచేసి ఏ.సి. టిక్కెట్టు కొన్నా దానిని దుబారా అనలేము. అరవై ఏళ్లు నిండిన పురుషులకు, నలభై ఐదేళ్లు దాటిన స్త్రీలకు ఖాళీని బట్టి క్రింది బెర్తు కేటాయించే ఏర్పాటు కూడా ఉంది. ఇరుగుపొరుగు వారి మెప్పు కోసం పై తరగతి ఎక్కడం ఎంత అవివేకమో, పిసినారితనంతో వృద్ధులను జనరల్ పెట్టెలో నిలబెట్టడం అంతకంటే అవివేకం.

అయితే ఎంచుకొనే స్తోమత అందరికీ ఉండదు. ఈ సత్యాన్ని గాంధీజీ స్వానుభవంతో గ్రహించారు. 1893లో దక్షిణాఫ్రికాలో ప్రథమ శ్రేణి టిక్కెట్టు ఉన్నప్పటికీ, శరీరపు రంగు కారణంగా ఆయనను పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్‌లో దించివేశారు. భారతదేశానికి తిరిగివచ్చిన తరువాత ఆయన తనంతట తానే మూడవ తరగతిని ఎంచుకొని సామాన్యుల కష్టసుఖాలను తెలుసుకొన్నారు. 1917లో బొంబాయి నుంచి మద్రాసుకు తాను చేసిన ప్రయాణాన్ని ఒక వ్యాసంలో వర్ణించారు. 22 మంది కూర్చోవలసిన ఆ పెట్టెలో రెండు రాత్రులు గడపవలసి వచ్చింది. రాయచూరు దాటిన తరువాత రద్దీ దుర్భరమైంది. ప్రథమ శ్రేణి ఛార్జీ మూడవ తరగతి ఛార్జీకి అయిదు రెట్లకు పైగా ఉంది. మరి మూడవ తరగతి వారికి అందులో అయిదవ వంతు సౌకర్యమైనా లభిస్తున్నదా అని ఆయన నిలదీశారు.

స్వాతంత్ర్యానంతరం ఆ ప్రశ్నకు కొంత సమాధానం లభించింది. 1974లో మూడవ తరగతి అనే పేరు తొలగిపోయింది. 1977 – 79 మధ్య రైల్వే మంత్రిగా ఉన్న మధు దండావతే ద్వితీయ శ్రేణిలోని చెక్క బెర్తులకు బదులు మెత్తని బెర్తులను ప్రవేశపెట్టారు. ఆయన ప్రథమ శ్రేణి సౌకర్యాలను తగ్గించలేదు. క్రింది తరగతిని పైకి తెచ్చారు. నేడు స్లీపర్ పెట్టెలో మెత్తని బెర్తుపై నడుము వాల్చే ప్రతి ప్రయాణికుడూ ఆ నిర్ణయ ఫలాన్ని అనుభవిస్తున్నాడు.

కాబట్టి టిక్కెట్టు కొనేటప్పుడు మన అవసరాన్ని గుర్తించాలి. రైలు ఎక్కిన తరువాత ఎదుటివారి అవసరాన్ని గుర్తించాలి. జనరల్ పెట్టెలో కాస్త జరిగి చంటిబిడ్డ తల్లికి చోటిచ్చే యువకుడు ఖర్చు లేకుండానే ఆ పెట్టెను ఒక మెట్టు పైకి తెస్తాడు. ఆ పెట్టెలో నిలబడిన వారికి కూర్చునే చోటు కల్పించవలసిన బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే. గాంధీజీ అడిగిన ప్రశ్నకు మిగిలిన సగం సమాధానం అక్కడే ఉంది.

కఠిన పదాలకు అర్థాలు

నింపాదిగా = తొందర లేకుండా
వ్యత్యాసం = తేడా
దుబారా = అనవసరమైన ఖర్చు
స్తోమత = ఆర్థిక శక్తి
దుర్భరం = భరించలేనిది

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. రైలు తరగతిని ఎంచుకొనేటప్పుడు గమనించవలసిన అంశాలను పాఠం ఆధారంగా వివరించండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. వేర్వేరు తరగతుల ఛార్జీలలో తేడా ఎందుకు ఉంటుంది?
2. మూడవ తరగతి గురించి గాంధీజీ లేవనెత్తిన ప్రశ్న ఏమిటి?
3. మధు దండావతే తెచ్చిన మార్పును తెలపండి.

ఇ) వ్యాకరణం
రెండంతస్తులు = రెండు + అంతస్తులు – ఉత్వ సంధి
స్వాతంత్ర్యానంతరం = స్వాతంత్ర్య + అనంతరం – సవర్ణదీర్ఘ సంధి
కష్టసుఖాలు = కష్టమును, సుఖమును – ద్వంద్వ సమాసం