చెయ్యి ఎత్తితే బండి ఆగుతుందా?

అత్తకు చూపు మసకబారింది. కోడలు ఆమెను హైదరాబాదు తీసుకుపోయింది. ఇద్దరూ మెహదీపట్నంలో బస్సు దిగారు. సరోజినీదేవి కంటి ఆసుపత్రికి పోవాలి. అందుకు రోడ్డు దాటాలి.

దిగిన బస్సు ఇంకా కదలలేదు. అత్త చెయ్యి పైకి ఎత్తి, బస్సు ముందు నుంచి వెళ్లబోయింది. ఊళ్లో ఆమె అలాగే దాటుతుంది. కోడలు గబుక్కున వెనక్కు లాగింది. అంతలోనే బస్సు పక్క నుంచి ఒక మోటారు సైకిలు దూసుకుపోయింది. మధ్యలో బస్సు అడ్డం. అతనికి అత్త కనబడలేదు. అత్తకు అతను కనబడలేదు.

అత్త గుండె దడదడలాడింది. "చెయ్యి లేపిన గదా, ఆగొద్దా?" అంది.

పక్కనే జామకాయలు అమ్మే ఆమె ఉంది. "చెయ్యి చూసినంక గదమ్మా బ్రేకు వేసేది!" అంది.

ఆ మాట నిజం. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో 11 మీటర్లు వస్తుంది. అంటే రెండు చీరలు పొడవుగా పరిచినంత దూరం. నడిపే మనిషి మనల్ని చూసి బ్రేకు వేసేలోపే ఆ దూరం అయిపోతుంది. బ్రేకు వేశాక కూడా బండి ఇంకా కొంత దూరం వచ్చి ఆగుతుంది. రోడ్డు తడిగా ఉంటే మరీ జారుతుంది.

"బస్సు పోనియ్యి అత్తమ్మా" అంది కోడలు.

బస్సు పోయింది. రోడ్డు బాగా కనబడింది. ఇద్దరూ కొంచెం దూరం నడిచి తెల్ల చారలున్న చోటికి వచ్చారు. చారల దగ్గర నడిచేవారికి దారి ఇవ్వాలని చట్టం ఉంది. అయినా అందరూ ఇవ్వరు. చూసుకోవాల్సింది మనమే.

మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి. అందుకని ముందు కుడివైపు చూడాలి. రోడ్డు మధ్య గట్టు దగ్గర ఆగాలి. అక్కడి నుంచి ఎడమవైపు చూడాలి. ఎదురు దారిలో వచ్చే మొండివాళ్లూ ఉంటారు. రెండో వైపు కూడా ఒక చూపు వెయ్యాలి.

ఆసుపత్రిలో అత్త కళ్లలో చుక్కల మందు వేశారు. ఆ మందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. ఎండకు కళ్లు చెదురుతాయి. కంటి పరీక్షకు తోడు తెచ్చుకోమనేది ఇందుకే.

తిరిగి వచ్చేటప్పుడు బండ్లు వచ్చే వైపు కోడలు నిలబడింది. అత్త మణికట్టు పట్టుకుంది. వేళ్లు పట్టుకుంటే జారిపోతాయి. ఒక కారు ఆగింది. నడిపే ఆయన పొమ్మని చెయ్యి ఊపాడు. కోడలు వెంటనే కదలలేదు. కారు పక్కకు తొంగి చూసింది. వెనక నుంచి ఒక ఆటో వచ్చి, ఆగకుండా పోయింది.

"ఇప్పుడు రా అత్తమ్మా" అంది.