కొట్టు నడుపువాని వశములోనివి

పాఠ్యభాగములు: ప్రసంగి 11:6, 1 కొరింథీ 16:1-2

రెండు పూటలను విత్తుడని ప్రసంగి మనకు బోధించుచు, ఏ పూట చల్లినది ఫలించునో ఎవరికిని తెలియదని కారణము కూడ చూపుచున్నాడు.

చిన్న కొట్టు పెట్టుకొనిన మన కుటుంబములవారు, "ఈ నెల ఐదువేలు మిగలవలెను" అని తీర్మానించుకొని ప్రార్థించుచుందురు. ప్రార్థన మంచిదే. అయితే వాన కురియుట, ఊరిలో కూలిపని దొరకుట, ఎదుటి వీధిలో మరియొక కొట్టు లేచుట మన వశములో లేవు. చెప్పిన వేళకు తలుపు తీయుట, తూకము సరిగా నుంచుట, దీపాల వేళ కూర్చుండి ఆనాటి అమ్మకమును అరువును వ్రాయుట మన వశములోనివే. ఫోనుకు వచ్చు సొమ్ము కంటికి కనబడదు గనుక దానిని మరి జాగ్రత్తగా వ్రాయవలెను.

బేరము లేకపోవుటకంటె, ఇంటి ఖర్చులకు గల్లాపెట్టెలో చెయ్యి పెట్టుటవలననే ఎక్కువ కొట్లు మూతపడుట మేము చూచియున్నాము.

డేరాలు కుట్టి జీవించిన పౌలు, యెరూషలేము పరిశుద్ధులకొరకైన చందానుగూర్చి కొరింథువారికి వ్రాసినప్పుడు, మొత్తమెంతయో నిర్ణయింపలేదు, దినమును నిర్ణయించెను. ప్రతి ఆదివారమును, దొరకినదానినిబట్టి, ఎవరికి వారు కొంత ప్రక్కన పెట్టుకొనవలెననెను. సరకు సొమ్మునకును ఈ పద్ధతి చక్కగా సరిపడును. శనివారము రాత్రి లెక్క చూచి, సోమవారము సరకు తెచ్చుటకు కావలసినది వేరొక డబ్బాలో వేయుడి. అమ్మకము తగ్గిన వారము తక్కువే పడును. అయినను ఆ రాత్రి డబ్బా తీయక మానవద్దు. దానిని ఇంటి ఇల్లాలి చేతికిచ్చిన మరి మంచిది. అడిగిన వెంటనే ఆమె ఇయ్యదు.