నల్లరేగడి నుంచి నల్లరేగడికి: డాలస్‌లో ఇల్లు తీసుకున్న కొత్తవారికి

చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి, సత్తెనపల్లి వైపు నుంచి వచ్చి డాలస్‌కు ఉత్తరాన ప్లేనో, అలెన్, మెకిన్నీ ప్రాంతాల్లో ఇల్లు తీసుకున్నవాళ్లకు ఈ నేల కొత్తది కాదు. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని పిలిచే ఈ నల్లమట్టిలో ఒకప్పుడు విరివిగా పండింది పత్తే. ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది, చెప్పుకు అంటుకుంటే వదలదు. కొత్తదల్లా ఇంటి బయటి బాగోగులకు చట్టం మనల్నే బాధ్యుల్ని చేయడం. మన ఊళ్లో వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గేస్తే బయటి పని అయిపోయినట్టే. వీధి కాలువ సంగతి పంచాయతీ చూసుకోవాలి. ఇక్కడ మాత్రం వాకిలంటే ముందు రోడ్డు అంచు దాకా, చాలాచోట్ల వెనక సందు దాకా. ఇది మొదటే మనసుకు పట్టిందంటే సగం నోటీసులు రావు.

నియమాలు రెండు రకాలు

ఒకటి నగరానిది. కోడ్ కంప్లయన్స్ అనే విభాగం చూస్తుంది. గడ్డి, చెత్త, విరిగిన కంచె, పచ్చిక మీద నిలిపిన కారు, కదలని బండి, అనుమతి లేకుండా వేసిన షెడ్డు దీని కిందికొస్తాయి. రెండోది కాలనీ ఇళ్ల యజమానుల సంఘానిది, అంటే హెచ్‌ఓఏ. గోడ రంగు, కంచె ఎత్తు, వీధిలోకి కనిపించే వస్తువులు దీని లెక్క. నగరం ఒప్పుకుంది గదా అని సంఘం ఒప్పుకోవాలని లేదు. సంఘం ఒప్పుకున్నా నగర పర్మిట్ విడిగా తీసుకోవాల్సిందే. సొరపాదుకు కర్రలతో పందిరి వేసుకోవడం వేరు, వరండాకు పక్కా కప్పు వేయడం వేరు. కప్పు వేయించే ముందు రెండుచోట్లా అడగండి.

గడ్డీ, గోంగూరా

డాలస్‌లో గడ్డి, కలుపు 12 అంగుళాలు దాటితే నేరం. పక్క ఊళ్లలోనూ ఇలాంటి కొలతలున్నాయి, మీ నగరానిది కనుక్కోండి. ఏప్రిల్, మే వానలకు ఈ మట్టిలో గడ్డి ఎలా లేస్తుందో మనవాళ్లకు చెప్పాలా? అప్పుడు వారం వారం కోయించాల్సిందే. టెక్సస్ చట్టం ప్రకారం నోటీసు ఇచ్చిన 7 రోజుల్లో మీరు కోయించకపోతే నగరమే కోయించి ఖర్చు మీ మీద వేస్తుంది. అది కట్టకపోతే ఇంటి మీద బాకీగా నమోదవుతుంది, ఏడాదికి 10 శాతం వడ్డీ పడుతుంది. ఊరెళ్లి రెండు నెలలుండి వద్దామనుకునేవాళ్లు గడ్డి కోసే మనిషిని ముందే కుదుర్చుకోవాలి.

మరి గోంగూర మడి మాటేమిటి? అమెరికా నగరాలు చాలావరకు అనుసరించే అంతర్జాతీయ ఇళ్ల నిర్వహణ కోడ్ పెంచుకున్న పూలనూ తోటలనూ కలుపు కింద లెక్కవేయదు. అయితే చూసే అధికారికి అది తోటలా కనిపించాలి. చుట్టూ గట్టు కట్టి, సాళ్లు పెట్టి, మధ్యలో కలుపు తీసి ఉంచండి. ముందు వైపు కాక పెరట్లో వేస్తే సంఘంతోనూ పేచీ ఉండదు.

పునాదికి తడి

ఆగస్టులో పడగ్గది తలుపు సరిగా పడదు. కిటికీ మూల నుంచి గోడ మీద ఏటవాలుగా బీట కనిపిస్తుంది. బయటికెళ్లి చూస్తే పునాది పలకకూ మట్టికీ మధ్య వేలు దూరేంత సందు. ఎండిన నల్లమట్టి కుంచించుకుపోయి పునాదిని వదిలేసిందన్నమాట. మన ఊళ్లో చేలో గుంటక తోలి నెర్రెలు పూడ్చి తేమ కాపాడినట్టే, ఇక్కడ నీళ్లు సన్నగా ఊరే సోకర్ గొట్టంతో పునాది చుట్టూ తడి ఒకే తీరుగా నిలపాలి. గొట్టాన్ని గోడకు ఆనించకుండా అడుగు ఎడంగా వేయండి. నెర్రెలోకి ఒక్కసారిగా నీళ్లు వదలొద్దు. డాలస్‌లో 2012 నుంచి స్ప్రింక్లర్లకు వారానికి రెండు రోజులే అనుమతి, సోకర్ గొట్టాలకు ఆ పరిమితి లేదు. మీ నగర నియమం చూసుకుని గొట్టం వేయండి. వాననీళ్లు పునాది వైపు కాక రోడ్డు వైపు పారేలా వాలు ఉందో లేదో కూడా చూడండి.

మిరపకాయలు, తోరణాలు, తాలింపు

అమ్మానాన్నలు వేసవికి వచ్చినప్పుడు డ్రైవ్‌వే మీద చాప పరిచి మిరపకాయలు, ఒడియాలు ఎండబెట్టబోతారు. “అమ్మా, వెనక ప్యాటియోలో పోద్దాం, ఎండ అక్కడా బాగానే వస్తుంది” అని చెప్పండి. వీధికి కనిపించనిదాని జోలికి సంఘాలు సాధారణంగా రావు. గుమ్మానికి మామిడి తోరణం, దేవుడి పటం విషయంలో వెనకాడక్కర్లేదు. ఇంటి ఆవరణలో భక్తితో పెట్టుకున్న మత చిహ్నాలను సంఘాలు నిషేధించకుండా టెక్సస్ 2021లో చట్టాన్ని బలపరిచింది.

తాలింపు ఘాటుకు పొగ అలారం మోగిందని బ్యాటరీ పీకేయకండి. అద్దె ఇంట్లో అది చట్టవిరుద్ధం, ఎవరింట్లోనైనా ప్రాణాపాయం. పొయ్యి మీది ఫ్యాన్ వేసి కిటికీ తెరవండి.

నోటీసు వచ్చిన రోజు

నోటీసు తగాదా కాదు, అదొక గడువు. తప్పు ఏమిటి, ఏ సెక్షన్ కింద, ఏ తేదీలోపు సరిచేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అందులోనే ఉంటాయి. నగరం పంపిందైతే ఆ అధికారికి ఫోన్ చేయండి. పనివాడు దొరకలేదనో, ఊళ్లో లేననో చెప్పి గడువు అడగండి. పట్టించుకోకపోతే పారిశుద్ధ్య ఉల్లంఘనకు 2,000 డాలర్ల దాకా జరిమానా పడే వీలుంది. సంఘం పంపిందైతే, జరిమానాకు ముందు బోర్డు ఎదుట విచారణ కోరే హక్కు మీకుంది. నోటీసు పంపిన 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. కేవలం జరిమానా బాకీ కోసం సంఘం ఇల్లు వేలం వేయలేదు. వార్షిక రుసుము బాకీ పడితే ఆ రక్షణ ఉండదు, దాన్ని మాత్రం ఆపొద్దు. అద్దెకుంటే నోటీసు యజమానికి వెళ్తుంది, గడ్డి పని ఎవరిదో లీజులో చదివి పెట్టుకోండి.

పని పూర్తయ్యాక తేదీ కనిపించేలా ఫొటో తీసి అధికారికి పంపండి. ఆ కేసు మూసేశామన్న జవాబు వచ్చేదాకా ఉత్తరాన్ని ఇంటి కాగితాలతోనే దాచుకోండి.